ఆర్మ్ వీల్ ఉన్నా ఫోన్‌లో ఎక్కని లైబ్రరీ: పైథాన్ సీ ఎక్స్‌టెన్షన్‌ను ఆండ్రాయిడ్‌కు తెచ్చిన కేస్ స్టడీ

ఈ కేసులోని లైబ్రరీ, దాన్ని వాడిన యాప్, మనుషుల పేర్లు తీసేశాం. పైథాన్‌లో సీ లేదా సీ++ ఎక్స్‌టెన్షన్ (ఆ భాషల్లో రాసి పైథాన్‌కు జోడించే భాగం) ఉన్న ఏ ప్యాకేజీనైనా ఆండ్రాయిడ్‌కు తేవాలనుకునేవాళ్లకు ఇందులోని చిక్కుల్లో సగమైనా ఎదురవుతాయి. అందుకే ఏం చేశారన్నదానితో పాటు ఎందుకు అలా చేశారో కూడా రాస్తున్నాం.

నేపథ్యం

సెన్సర్ల నుంచి కుదించి వచ్చే బైట్లను విప్పి, ఫిల్టర్ చేసి, అంకెల వరుసగా ఇవ్వడం ఈ లైబ్రరీ పని. పై పొర పైథాన్. వేగం కావాల్సిన చోట సీ కోడ్, దానికి తోడు ఒక చిన్న సీ++ ఫైలు. సీ కోడ్ కంపైల్ కాని చోట కూడా నడవాలని అదే లెక్కను మామూలు పైథాన్‌లో రాసిన రెండో రూపం కూడా ఉంచారు. నిర్వాహకులు ఇద్దరు, ఉద్యోగాలు చేసుకుంటూ తీరిక ఉన్నప్పుడు చూసేవాళ్లు. విండోస్, మ్యాక్, లైనక్స్‌లకు కంపైల్ చేసిన వీల్స్ (నేరుగా ఇన్‌స్టాల్ చేసుకునే ప్యాకేజీ ఫైళ్లు) పైథాన్ ప్యాకేజీల భాండారం పైపీఐలో పెట్టేవారు. లైనక్స్ ఆర్మ్64కు కూడా వీల్ ఉంది. కాకపోతే వేరే ప్రాసెసర్‌ను అనుకరించే క్యూఈఎంయూ ఎమ్యులేషన్‌లో టెస్టులు మరీ నెమ్మదిగా సాగుతున్నాయని ఆ ఒక్క వీల్‌కు టెస్టులు ఆపేశారు. ఈ చివరి వివరాన్ని గుర్తుంచుకోండి.

నెట్ లేని చోట ఫోన్ మీదే రీడింగులు విప్పి చూపించే ఒక ఆండ్రాయిడ్ యాప్ బృందం ఈ లైబ్రరీని వాడుతోంది. వాళ్ల దారి పైథాన్ యాప్‌ను ఆండ్రాయిడ్‌కు కట్టే సాధనం పైథాన్‌-ఫర్‌-ఆండ్రాయిడ్. అందులో ప్రతి సీ ప్యాకేజీకీ ‘రెసిపీ’ రాసుకోవాలి. ఏ వెర్షన్ తేవాలి, ఏ ప్యాచ్‌లు వేయాలి, ఏ ఫ్లాగులతో కంపైల్ చేయాలి అన్నీ అందులో ఉంటాయి. ఈ లైబ్రరీ రెసిపీ యాప్ బృందం సొంత ఫోర్క్‌లో (విడిగా మార్చుకున్న ప్రతిలో) ఉండేది. లైబ్రరీ నిర్వాహకులకు దాని సంగతే తెలియదు.

అప్పట్లో పైథాన్ అసలు ఇంటర్‌ప్రెటర్ సీపైథాన్‌లో ఆండ్రాయిడ్‌కు సొంత దారి కూడా లేదు. 2009లో గూగుల్ ఉద్యోగి డేమన్ కోలర్ మొదలుపెట్టిన స్క్రిప్టింగ్ లేయర్, 2012లో కివీ బృందం తెచ్చిన పైథాన్‌-ఫర్‌-ఆండ్రాయిడ్, 2017లో వచ్చి 2022లో ఓపెన్ సోర్స్ అయిన చాకోపై, ఐఫోన్‌ను కూడా లక్ష్యంగా పెట్టుకున్న బీవేర్: ఇవన్నీ సీపైథాన్‌కు బయట నిలబడి ప్యాచ్‌లు మోస్తూ వచ్చిన ప్రయత్నాలే. చాకోపై రచయిత మాల్కమ్ స్మిత్ రాసిన పెప్ 738 (పైథాన్ మార్పు ప్రతిపాదన) ఆమోదం పొంది, 2024 అక్టోబర్‌లో విడుదలైన పైథాన్ 3.13లో ఆండ్రాయిడ్‌కు టైర్ 3 మద్దతు వచ్చింది. ఐఓఎస్‌కు రస్సెల్ కీత్‌-మగీ రాసిన పెప్ 730 అదే విడుదలలో చేరింది. టైర్ 3 అంటే బాధ్యత తీసుకున్న కోర్ డెవలపర్ ఒకరైనా ఉంటారు, నమ్మదగిన బిల్డ్‌బాట్ (కోడ్‌ను ఎప్పటికప్పుడు కట్టి పరీక్షించే యంత్రం) ఉంటుంది. కానీ ఆ ప్లాట్‌ఫామ్‌లో ఏదైనా విరిగినా పైథాన్ విడుదల దాని కోసం ఆగదు. ఇంటర్‌ప్రెటర్ వరకు ఇది పెద్ద అడుగు. అయితే యాప్ రాసేవాళ్లకు ఇంటర్‌ప్రెటర్ ఒక్కటే చాలదు. వాళ్లు వాడే ప్యాకేజీలన్నీ వెంట రావాలి.

వచ్చిన సమస్య

రెండు ఇబ్బందులు ఒకేసారి వచ్చిపడ్డాయి. లైబ్రరీ కొత్త వెర్షన్‌లో సెటప్ స్క్రిప్టు మారడంతో రెసిపీలోని ప్యాచ్ అతకలేదు. అదే సమయంలో ప్లే స్టోర్ 16 కేబీ పేజీల నిబంధన దగ్గరపడింది. ఆండ్రాయిడ్ 15, ఆపై వెర్షన్లను టార్గెట్ చేసే కొత్త యాప్‌లు, అప్‌డేట్‌లు 2025 నవంబర్ 1 నుంచి 16 కేబీ మెమరీ పేజీల మీద నడవాలి. ఆండ్రాయిడ్‌కు సీ, సీ++ కోడ్ కంపైల్ చేసే సాధనాల కట్ట ఎన్‌డీకే పాత వెర్షన్‌తో కట్టిన ‘.ఎస్‌ఓ’ (కంపైల్ అయిన లైబ్రరీ) ఫైళ్లు 4 కేబీ అమరికతో ఉన్నాయి. అవి ఆ పరీక్ష దాటవు.

యాప్ బృందం చాకోపైకి మారి చూసింది. అక్కడ ఆగిన చోటు వేరు. చాకోపై సీ కోడ్‌ను కంపైల్ చేయదు, సిద్ధంగా ఉన్న ఆండ్రాయిడ్ వీల్‌ను మాత్రమే తీసుకుంటుంది. ఈ లైబ్రరీకి అలాంటి వీల్ లేదు. అలా విషయం నిర్వాహకుల దగ్గరికి వచ్చింది.

వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న సరైనది: “ఈసారి ఎవరో ఒకరు కట్టి ఇస్తారు సరే, వచ్చే విడుదలకు ఎవరు కడతారు?” ఆ తర్వాతి నిర్ణయాలన్నీ ఈ ప్రశ్న చుట్టూనే తిరిగాయి. రెసిపీని బాగుచేయడం తేలికే. కానీ వచ్చే వెర్షన్‌కు అది మళ్లీ విరుగుతుంది. లైబ్రరీ సొంత రిపాజిటరీలో, మిగతా వీల్స్‌తో పాటే ఆండ్రాయిడ్ వీల్ కూడా పుట్టాలని లక్ష్యం పెట్టుకున్నారు.

ప్రయత్నాలు, అవి ఆగిన చోట్లు

మొదట ఎన్‌డీకేలోని క్లాంగ్ కంపైలర్‌ను చేత్తో పట్టుకుని, కంపైలర్ పేరు మాత్రం మార్చి, మామూలు సెటప్ స్క్రిప్టునే నడిపారు. వచ్చిన ఫైలు పేరు చివర ఎక్స్86 లైనక్స్ గుర్తు ఉంది. కారణం తేలికే. సెటప్ స్క్రిప్టు హెడర్లను, ఫ్లాగులను, ఫైలు పేరు చివరి భాగాన్ని తాను నడుస్తున్న పైథాన్‌ను అడిగి తెలుసుకుంటుంది. ఆ పైథాన్ ల్యాప్‌టాప్‌ది. ఎవరి కోసం కడుతున్నామో దానికి తెలియదు. అయినా ఈ ప్రయత్నం వృథా పోలేదు. మెమరీని అమరికతో తీసుకోవడానికి సీ కోడ్ వాడిన ‘అలైన్డ్_అలాక్’ ఫంక్షన్ దగ్గర కంపైలర్ ఆగింది. అది ఆండ్రాయిడ్ సీ లైబ్రరీ బయానిక్‌లోకి ఎపిఐ స్థాయి (ఆండ్రాయిడ్ వెర్షన్‌ను తెలిపే సంఖ్య) 28లో వచ్చింది. పైథాన్ 3.13 ఆండ్రాయిడ్ కనీస స్థాయి 21. కనీస స్థాయిని 28కి పెంచితే లోపం మాయమయ్యేది, దాంతో పాటు పాత ఫోన్లూ పోయేవి. అందుకే ఆ కాల్‌ను ‘పోసిక్స్_మెమ్‌అలైన్’గా మార్చారు. అది పాత స్థాయిల్లోనూ ఉంది, లైనక్స్, మ్యాక్‌లలోనూ ఉంది.

రెండోది, లైనక్స్ ఆర్మ్64 వీల్ పేరులోని ట్యాగ్‌ను ఆండ్రాయిడ్‌గా మార్చి యాప్‌లో పెట్టడం. చాలామంది చేసి చూసే పని ఇది. యాప్ తెరిచీ తెరవగానే ‘లిబ్‌సీ.ఎస్‌ఓ.6 దొరకలేదు’ అని డైనమిక్ లింకర్ చెప్పింది. ప్రాసెసర్ ఒకటే అయినా మెనీలైనక్స్ వీల్ (లైనక్స్‌కు కట్టినది) లైనక్స్ సీ లైబ్రరీ జీలిబ్‌సీని నమ్ముకుని కట్టింది, ఫోన్‌లో ఉన్నది బయానిక్. పేరు మార్చినంత మాత్రాన ఆ తేడా పోదు.

మూడోది ఫోన్‌లో లైనక్స్ కమాండ్లు నడిపే యాప్ టెర్మక్స్. ఫోన్‌లోనే క్లాంగ్, పైథాన్ పెట్టి పిప్‌తో ఇన్‌స్టాల్ చేస్తే కంపైల్ అయింది, ఇంపోర్ట్ కూడా అయింది. సీ కోడ్‌కు బయానిక్ అడ్డం కాదని తక్కువ ఖర్చుతో తేల్చుకోవడానికి ఇది మంచి మార్గం. కానీ అక్కడ పుట్టిన ఫైలు టెర్మక్స్ సొంత ఫోల్డర్ దారులతో, టెర్మక్స్ పైథాన్‌తో ముడిపడి ఉంటుంది. వేరే యాప్‌లోకి తెచ్చుకునే వస్తువు కాదు. పైగా ఇంపోర్ట్ అయిందని చూసి ఆపేశారు, టెస్టులు నడపలేదు.

మామూలు పైథాన్ రూపాన్నే పంపేద్దామన్న ఆలోచన కూడా వచ్చింది. జవాబులు సరిగ్గానే వచ్చాయి, కానీ మధ్యరకం ఫోన్ మీద సెన్సర్ వేగాన్ని అందుకోలేకపోయింది. దాన్ని పక్కన పెట్టారే గానీ పారేయలేదు. తర్వాత అసలు దోషాన్ని పట్టించింది అదే.

పనిచేసిన దారి

సీఐబిల్డ్‌వీల్ 3.1లో ఆండ్రాయిడ్ మద్దతు వచ్చింది. నిర్వాహకులు మిగతా వీల్స్‌కు వాడుతున్నది ఇదే సాధనం. ఎంచుకోవడానికి అసలు కారణం కూడా ఇదే: కొత్తగా నేర్చుకోవాల్సింది తక్కువ, నిర్వహణ ఉన్నచోటే ఉంటుంది. ఆండ్రాయిడ్ కోసం కట్టిన సీపైథాన్‌ను ఇది దించుకుంటుంది. ల్యాప్‌టాప్ మీద నడుస్తున్న బిల్డ్‌కు ‘నువ్వు ఆండ్రాయిడ్‌లో ఉన్నావు’ అనిపించేలా, ప్లాట్‌ఫామ్ వివరాలు చెప్పే సిస్‌కాన్ఫిగ్, సిస్.ప్లాట్‌ఫామ్ వంటివాటిని సర్దిపెడుతుంది. ఆండ్రాయిడ్ ఎస్‌డీకే (యాప్ తయారీ సాధనాలు) ఎక్కడుందో ‘ఆండ్రాయిడ్_హోమ్’ వేరియబుల్‌లో చెప్పాలి. బిల్డ్ ఫ్రంటెండ్‌గా పిప్ కాకుండా ‘బిల్డ్’ పెట్టుకోవాలి. ఫోన్ల కోసం ఆర్మ్64-వీ8ఏ, ఎమ్యులేటర్ కోసం ఎక్స్86-64, రెండు ఆర్కిటెక్చర్లనూ విడిగా రాసిపెట్టారు.

మొదటిసారి నడిపినప్పుడు సెటప్ స్క్రిప్టే అడ్డం తిరిగింది. అందులో ‘లైనక్స్ అయితే ఇది, మ్యాక్ అయితే ఇది, కాకపోతే విండోస్’ అని రాసి ఉంది. పైథాన్ 3.13 నుంచి ఆండ్రాయిడ్‌లో సిస్.ప్లాట్‌ఫామ్ ‘ఆండ్రాయిడ్’ అని చెబుతుంది. అంతకుముందు టెర్మక్స్‌లోనూ, పైథాన్‌-ఫర్‌-ఆండ్రాయిడ్‌లోనూ ‘లైనక్స్’ అని వచ్చేది. దాంతో స్క్రిప్టు నేరుగా విండోస్ ఫ్లాగుల్లోకి వెళ్లింది. ఆండ్రాయిడ్‌ను కూడా లైనక్స్ కొమ్మలోనే కలిపేద్దామని ఒకరు అన్నారు. అదీ కుదరలేదు. ఆ కొమ్మలో ‘పీథ్రెడ్’, ‘ఆర్‌టీ’ లైబ్రరీలను లింక్ చేయమని ఉంది. బయానిక్‌లో అవి విడి లైబ్రరీలు కావు, ఆ ఫంక్షన్లు లిబ్‌సీలోనే ఉంటాయి. ఎన్‌డీకే లింకర్ ఆ పేర్లు దొరకలేదని ఆగిపోతుంది. ఆండ్రాయిడ్‌కు సొంత కొమ్మ పెట్టి, గణిత లైబ్రరీని మాత్రమే లింక్ చేశారు. తెలియని ప్లాట్‌ఫామ్ వస్తే విండోస్ అనుకోకుండా లోపం చూపి ఆగేలా కూడా మార్చారు.

తర్వాత ప్రాసెసర్ ఫ్లాగులు. ఏ ప్రాసెసరో పైథాన్‌లో అడిగి, ఎస్‌ఎస్‌ఈ (ఎక్స్86 ప్రాసెసర్ల ప్రత్యేక సూచనలు) ఫ్లాగులు చేర్చే కోడ్ ఉంది. క్రాస్ కంపైల్‌లో ఇలాంటి ప్రశ్న పైథాన్‌ను అడగడమే ప్రమాదం. లక్ష్యం ఏదో తప్పకుండా తెలిసినది కంపైలర్ ఒక్కటే. కాబట్టి ఆ నిర్ణయాన్ని సీ ఫైలులోకి తెచ్చి, కంపైలర్ ముందే నిర్వచించే మాక్రోల మీద ఆధారపడేలా రాశారు. సెటప్ స్క్రిప్టు చిన్నదైంది కూడా.

ఇక సీ++ ఫైలు. అది పాత మేక్‌ఫైల్‌తో విడి ‘.ఎస్‌ఓ’గా తయారయ్యేది. ఆండ్రాయిడ్‌లో లోడ్ చేయగానే ఒక పైథాన్ ఎక్సెప్షన్ సింబల్ దొరకలేదని లింకర్ చెప్పింది. లైనక్స్‌లో ఎక్స్‌టెన్షన్లు లిబ్‌పైథాన్‌కు లింక్ కాకపోయినా నడుస్తాయి, ఆండ్రాయిడ్‌లో ప్రతి ఎక్స్‌టెన్షన్ దానికి స్పష్టంగా లింక్ కావాల్సిందే. సెటప్‌టూల్స్ కట్టే మాడ్యూళ్లకు ఇది తనంతట తానే జరుగుతుంది. మేక్‌ఫైల్‌కు ఆ సంగతి తెలియదు. మేక్‌ఫైల్‌కు ఒక ఫ్లాగ్ చేర్చితే సరిపోయేది. కానీ ఆ విడి ఫైలు ఉండాల్సిన అవసరం ఏముందని చూస్తే కారణమేమీ కనిపించలేదు. సీ++ ఫైలును అసలు ఎక్స్‌టెన్షన్‌లోనే కలిపేశారు.

దాంతో సీ++ రన్‌టైమ్ ప్రశ్న మిగిలింది. యాప్‌లో ఒకటికి మించి సీ++ లైబ్రరీలు ఉంటే షేర్డ్ రన్‌టైమ్ వాడమని ఎన్‌డీకే సలహా. ఎక్సెప్షన్లు, టైపు సమాచారం ఒక లైబ్రరీ నుంచి మరోదానికి దాటితే రెండు ప్రతులు తగవు పడతాయి. ఈ లైబ్రరీలో సీ++ వస్తువేదీ బయటకు పోదు, ఎక్సెప్షన్లు లోపలే పట్టుబడతాయి, బయటికి కనిపించేది మాడ్యూల్‌ను మొదలుపెట్టే ఒక్క సీ ఫంక్షన్. అందుకని స్టాటిక్‌గా కలిపి, మిగతా సింబళ్లన్నీ దాచేశారు. వీల్ కాస్త బరువెక్కింది, కానీ ఇంకో వీల్ తెచ్చే రన్‌టైమ్ వెర్షన్‌తో గొడవ పడే అవకాశం పోయింది. సీ++ వస్తువులను ఇతర లైబ్రరీలతో పంచుకునే ప్యాకేజీకి ఈ నిర్ణయం పనికిరాదు.

పదహారు కేబీ సంగతి తేలిగ్గా తీరింది. ఎన్‌డీకే 28లో ఆ అమరిక దానంతటదే వస్తుంది. 27లో లింకర్‌కు గరిష్ఠ పేజీ పరిమాణం 16384 అని చెప్పాలి. మాటతో వదిలేయకుండా, తయారైన ప్రతి ‘.ఎస్‌ఓ’లోని లోడ్ సెగ్మెంట్ల అమరిక 0ఎక్స్4000 ఉందో లేదో ‘రీడ్‌ఎల్ఫ్’తో చూసి, లేకపోతే బిల్డ్ ఆపేసే మెట్టు చేర్చారు.

టెస్టులు బయటపెట్టినవి

టెస్టులు ఎమ్యులేటర్‌లో, సీపైథాన్‌తో వచ్చే టెస్ట్‌బెడ్ యాప్ లోపల నడుస్తాయి. టెస్ట్ ఫైళ్లు ఏవో ముందే ప్రకటించాలి, లేకపోతే అవి యాప్‌లోకి చేరవు. లైనక్స్ బిల్డ్ యంత్రంలో కేవీఎంకు (లైనక్స్ వర్చువలైజేషన్‌కు) అనుమతి ఉండాలి, లేకపోతే ఎమ్యులేటర్ కదలదు.

ముందు పడిపోయినవి ఊహించినవే. మల్టీప్రాసెసింగ్ ఆండ్రాయిడ్‌లో అందుబాటులో లేదు, ఆ టెస్టులను దాటవేశారు. పైథాన్ ఎగ్జిక్యూటబుల్‌ను సబ్‌ప్రాసెస్‌గా పిలిచే టెస్టులు పడ్డాయి, యాప్ లోపల పొదిగిన పైథాన్‌కు విడిగా పిలవడానికి ఎగ్జిక్యూటబుల్ ఉండదు. టైమ్‌జోన్ టెస్టుకు ‘టీజెడ్‌డేటా’ ప్యాకేజీ కావాల్సి వచ్చింది. యాప్‌లో పెట్టి చూసినప్పుడు ఇంకొకటి తేలింది. లైబ్రరీ తన క్యాష్ ఫైలును ప్రస్తుత ఫోల్డర్‌లో రాస్తోంది. ఆండ్రాయిడ్ యాప్‌కు అది రూట్ ఫోల్డర్, అక్కడ రాయనివ్వదు. ఆ దారిని యాప్ చెప్పగలిగేలా ఒక ఆర్గ్యుమెంట్ చేర్చారు.

ఎమ్యులేటర్‌లో అన్నీ పచ్చగా మారాయి. ఫోన్‌లో మాత్రం గ్రాఫ్ ఒకే దిక్కున పైకి ఎగబాకుతోంది.

ఇక్కడ మామూలు పైథాన్ రూపం కొలబద్దగా నిలిచింది. ఒకే ఇన్‌పుట్‌ను రెండింటికీ ఇచ్చి మొదటి తేడా వచ్చే స్థానాన్ని వెతికారు. పైథాన్ 1000, 1003, 1002 అంటోంది. సీ కోడ్ 1000, 1003, 1258 అంటోంది. తేడా సరిగ్గా 256. ఆ స్థానంలోని బైట్ 255, అంటే ప్లస్, మైనస్ గుర్తుతో చదివితే మైనస్ 1. ముందు విలువ నుంచి ఎంత పెరిగిందో తగ్గిందో చెప్పే బైట్లను సీ కోడ్ ‘కార్’ అనే టైపులో చదువుతోంది. ఆ టైపుకు గుర్తు ఉండాలా వద్దా అన్నది సీ భాష ప్లాట్‌ఫామ్‌కే వదిలేసింది. ఎక్స్86లో గుర్తు ఉంటుంది. ఆర్మ్ లైనక్స్‌లో, ఆర్మ్ ఆండ్రాయిడ్‌లో ఉండదు. ఆపిల్ మాత్రం తన ఆర్మ్ యంత్రాల్లో ఉంచింది. అందుకే నిర్వాహకుడి ఆర్మ్ మ్యాక్‌లో అన్ని టెస్టులూ సరిగ్గా వచ్చాయి, ఎక్స్86 ఎమ్యులేటర్‌లోనూ వచ్చాయి. పడిపోవాల్సిన చోటు ఇన్నాళ్లూ ఒక్కటే ఉంది: టెస్టులు ఆపేసిన ఆ లైనక్స్ ఆర్మ్64 వీల్. దోషం అందులోనూ ఉంది. ఆ వీల్‌ను ఎవరైనా చిన్న ఆర్మ్ బోర్డు మీద వాడి ఉంటే తప్పు అంకెలే చూసి ఉంటారు.

‘కార్’కు గుర్తు ఉండేలా కంపైలర్ ఫ్లాగ్ ఇస్తే ఒక్క లైనుతో పోతుంది. వాళ్లు ఆ దారి పట్టలేదు. ఫ్లాగ్ బిల్డ్ సాధనంలో ఉంటుంది, రేపు మరొకరు వేరే సాధనంతో కడితే అది జారిపోతుంది. కోడ్‌లో టైపునే ‘ఇంట్8_టీ’గా మారిస్తే ఎవరు ఎలా కట్టినా ఒకే అర్థం వస్తుంది. మార్పు ఆరు చోట్ల జరిగింది. లైనక్స్ ఆర్మ్64 వీల్‌కు టెస్టులు మళ్లీ ఆన్ చేసి, దోషాన్ని స్పష్టంగా చెబుతూ దిద్దుబాటు విడుదల చేశారు.

ఆ తర్వాత ఫిల్టర్ టెస్టుల్లో చివరి అంకెల దగ్గర తేడా మిగిలింది. ఆర్మ్64లో గుణకారం, కూడికలను కలిపి ఒకే సూచనగా చేయడానికి క్లాంగ్ దానంతటదే సిద్ధపడుతుంది, అప్పుడు సవరింపు (రౌండింగ్) రెండుసార్లకు బదులు ఒక్కసారే జరుగుతుంది. ఇది తప్పు కాదు. అందుకని విప్పే పనిలో పూర్ణాంకాలు అక్షరాలా సమానంగా ఉండాలని, ఫిల్టర్‌లో మాత్రం నిర్ణీత హద్దులోపు తేడాను ఒప్పుకోవచ్చని టెస్టులను విడదీశారు. అన్నిటికీ కలిపి హద్దును వదులు చేసి ఉంటే అలాంటి వదులే రేపు నిజమైన తేడాను కప్పేసేది.

ఇప్పుడున్న స్థితి

ఆండ్రాయిడ్ వీల్స్ రెండూ మిగతా వాటితో పాటే పైపీఐకి వెళ్తున్నాయి. యాప్ బృందం చాకోపైలో ప్యాకేజీ పేరు రాస్తే సరిపోతోంది, సొంత ఫోర్క్‌ను మూసేశారు. వీల్ పేరులోని ఎపిఐ స్థాయి యాప్ కనీస స్థాయికి మించకూడదు కాబట్టి 3.13 వీల్‌ను 21 దగ్గరే ఉంచారు.

ఎమ్యులేటర్ తాను నడిచే యంత్రం ఆర్కిటెక్చర్‌కే టెస్టులు నడుపుతుంది. అందువల్ల సీఐలో (బిల్డ్, టెస్టులు నడిపే సర్వర్‌లో) ఆటోమేటిక్‌గా పరీక్షించేది ఎక్స్86 వీల్‌ను మాత్రమే. ఆర్మ్64 వీల్‌ను ప్రతి విడుదలకు ముందు నిర్వాహకుడి ఆర్మ్ మ్యాక్‌లోని ఎమ్యులేటర్‌లో ఒకసారి, యాప్ బృందం అసలు ఫోన్‌లో ఒకసారి నడుపుతున్నారు. విడుదల పత్రంలో ఆ రెండు పెట్టెలకు టిక్ పడనిదే ట్యాగ్ వేయరు.

తీరనిది 32 బిట్ ఫోన్ల సంగతి. సీపైథాన్ ఆండ్రాయిడ్ మద్దతు 64 బిట్‌కే పరిమితం, చాకోపై కూడా పైథాన్ 3.12 నుంచి 32 బిట్ ఆపేసింది. అలాంటి ఫోన్లున్న వాళ్ల కోసం యాప్ బృందం పైథాన్ 3.11తో, మామూలు పైథాన్ రూపంతో వేరే బిల్డ్ ఇస్తోంది. అందులో రీడింగులు అప్పటికప్పుడు విప్పరు, దాచుకుని ఫోన్ చార్జింగ్‌లో ఉన్నప్పుడు విప్పుతారు. 3.11కు భద్రతా దిద్దుబాట్లు 2027 అక్టోబర్ వరకే వస్తాయి. ఆ తేదీని వాడేవాళ్లకు ఇప్పుడే యాప్‌లో చూపిస్తున్నారు.